సబ్బా, సల్ఫేటా, గ్లూకోసైడా: తిరుపతి నీళ్లకు ఏది మేలు?

ఇంట్లోనే షాంపూ, ఫేస్‌వాష్ కలిపి నలుగురికి ఇద్దామనుకునే మా తిరుపతి ఆడవాళ్లు మొదట అడిగేది ఇదే: "అక్కా, సల్ఫేట్ లేకుండా చేయాల. నురగ మాత్రం బాగా రావాల." ఈ రెండు కోరికలూ ఒకే సీసాలో తీరతాయి. కాకపోతే నురగనిచ్చే సబ్బు, సల్ఫేట్, గ్లూకోసైడ్లలో ఏ సరుకుతో చేయాలన్నది తేల్చేముందు మూడు సంగతులు చూడాలి. కుళాయిలో వచ్చే నీళ్లు ఎలాంటివి? తలకు నూనె పెట్టే అలవాటుందా? కడగబోయేది ముఖమా, జుట్టా? పేరులో సల్ఫేట్ ఉందా లేదా అన్నది వీటి తర్వాతే.

ముందు నీళ్ల సంగతి. కల్యాణి డ్యామ్ నీళ్లో తెలుగుగంగ నీళ్లో వచ్చే ఇళ్లు వేరు, బోరు మీదో ట్యాంకరు మీదో నెట్టుకొచ్చే ఇళ్లు వేరు. బకెట్టు అంచున తెల్ల చార, గీజరు లోపల సున్నపు పొర కనిపిస్తే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నట్టే. మామూలు సబ్బుకు ఇవే శత్రువులు. సబ్బు అంటే నూనెను కాస్టిక్ సోడాతో కలిపితే వచ్చే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. బోరు నీళ్లలోని కాల్షియం ఆ సోడియం స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు అది నీళ్లలో కరగని తెల్లటి జిగురు తెట్టుగా మారుతుంది. నురగ రాకముందే సగం సబ్బు ఈ తెట్టుకు ఖర్చయిపోతుంది. ఒంటి మీద అయితే తుడుచుకుంటే పోతుంది గానీ జుట్టుకు పట్టిందంటే దువ్వెనకు బూడిదలాంటి జిడ్డు అంటుకుంటుంది.

అందుకే కోల్డ్ ప్రాసెస్ సబ్బుతో, అంటే ఉడికించకుండా ఇంట్లో పోసుకునే సబ్బుతో, తల రుద్దుకోమనే సలహా మన ఊరికి పనికిరాదని నా అభిప్రాయం. చేతులకు, ఒంటికి సరే. తలకు వద్దు. నీళ్లతో పాటు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సబ్బు నీళ్ల పీహెచ్ (తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం అని చెప్పే కొలత) 9 నుంచి 10 దాకా ఉంటుంది, చర్మం పైపొరది 5 దగ్గర. క్షార గుణం ఎక్కువైతే వెంట్రుక పైన ఉండే పొలుసులు లేచి, ఒకదానికొకటి చిక్కుపడతాయి. "కొంచెం సిట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ దించేద్దాం" అంటారు కొందరు. దించితే అది సబ్బుగా ఉండదు, విరిగిపోయి మళ్లీ కొవ్వు ఆమ్లంగా పైకి తేలుతుంది. ఐఎస్ఐ లెక్కలో గ్రేడ్ 1 టాయిలెట్ సబ్బుకు మొత్తం కొవ్వు పదార్థం, అంటే టీఎఫ్‌ఎం కనీసం 76 శాతం ఉండాలి. ఆ అంకె ఎంత పెరిగినా పీహెచ్ మారదు, తెట్టు కట్టడమూ ఆగదు.

ఇక సల్ఫేట్. జనం భయమంతా దీని మీదే, అందులో సగం రెండు పేర్లు కలిసిపోవడం వల్ల వచ్చింది. సోడియం లారిల్ సల్ఫేట్, అంటే ఎస్ఎల్ఎస్, నిజంగానే చర్మానికి కటువు. చర్మం ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్షల్లో మంట పుట్టించడానికి వాడే నమూనా పదార్థమే అది. షాంపూలకు ఎక్కువగా వాడేది ఎస్ఎల్ఈఎస్, సోడియం లారెత్ సల్ఫేట్. మధ్యలో ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలు చేరడంతో దీని అణువు పెద్దదవుతుంది, చర్మపు ప్రోటీన్‌ను అంతగా పట్టుకోదు. బోరు నీళ్లలోనూ నురగ పెద్దగా తగ్గదు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి: దీన్ని తయారుచేసేటప్పుడు 1,4-డయాక్సేన్ అనే అక్కర్లేని పదార్థం కొద్దిగా పుడుతుంది. మంచి తయారీదారులు దాన్ని తీసేస్తారు. చెన్నై ప్యారిస్ కార్నర్ బజారు వైపు వెళ్లి కొనేవాళ్లు డబ్బా ధర ఒక్కటే అడక్కుండా ఆ సరుకు పరీక్ష పత్రం కూడా అడగాలి.

ఎస్ఎల్ఈఎస్‌ను ఒంటరిగా వాడితే మాత్రం నేను మెచ్చుకోను. పక్కన కోకో బీటైన్ (కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే మృదువైన నురగ సరుకు) పడాల్సిందే. నురగనిచ్చే అణువులు నీళ్లలో గుంపులు కడతాయి. గుంపులో ఉన్నవి చర్మాన్ని పెద్దగా ఏమీ చేయవు. విడివిడిగా తిరిగేవే లోపలికి దూరి పొడిబారేలా, మండేలా చేస్తాయి. బీటైన్ కలిస్తే గుంపులు పెద్దవై, విడిగా తిరిగేవి తగ్గుతాయి. అంటే కలిపిన సరుకు మొత్తం పెరిగినా మంట తగ్గుతుంది. వినడానికి విచిత్రమే. నురగ కూడా పెద్ద బుడగలతో ఇట్టే ఆరిపోకుండా, సన్నగా, చిక్కగా నిలుస్తుంది.

కిలో షాంపూకు నేను చెప్పే లెక్క ఇది. 28 శాతం ఎస్ఎల్ఈఎస్ ద్రవం 300 గ్రాములు, 30 శాతం బీటైన్ 120 గ్రాములు. అసలు సరుకు మొదటిదాంట్లో 84, రెండోదాంట్లో 36, మొత్తం 120 గ్రాములు, అంటే 12 శాతం. చాలామంది డబ్బా మీది శాతం చూడకుండా గ్రాములు మాత్రమే తూస్తారు. 70 శాతం పేస్టు తెచ్చి అదే 300 గ్రాములు వేస్తే షాంపూ కాదు, అంట్లు తోమే ద్రవం అవుతుంది. గ్లిజరిన్ 20 గ్రాములు, ప్రిజర్వేటివ్‌గా ఫినాక్సీ ఇథనాల్ 9 గ్రాములు, కాల్షియంను పట్టి ఉంచే డైసోడియం ఈడీటీఏ ఒక గ్రాము, మిగతాదంతా డిస్టిల్డ్ వాటర్. నీళ్లలో ముందు ఈడీటీఏ కరిగించి, తర్వాత ఎస్ఎల్ఈఎస్‌ను నురగ రేగకుండా మెల్లగా కలపాలి. ఆపైన బీటైన్, గ్లిజరిన్, ఫినాక్సీ ఇథనాల్. పీహెచ్ 5.5కు తేవడానికి సిట్రిక్ యాసిడ్ ద్రావణాన్ని చుక్క చుక్కగా పోసి ప్రతిసారీ పట్టీతో చూసుకోవాలి. నిమ్మరసం వద్దు. దాని పులుపు కాయకో తీరు, పైగా బూజుకు తిండి పెట్టినట్టవుతుంది.

చిక్కదనం చివర్లో, ఉప్పుతో. ఇక్కడే చాలామంది తడబడతారు. ఉప్పు పెరిగేకొద్దీ షాంపూ చిక్కబడుతుంది, ఒక స్థాయి దాటితే మళ్లీ నీళ్లలా పలచబడుతుంది. పలచబడిందని ఇంకాస్త ఉప్పు వేస్తే ఇంకా పలచన. బీటైన్‌తో పాటే కొంత ఉప్పు వస్తుంది, కాబట్టి ఉప్పు కరిగించిన నీళ్లను చెంచాడు చెంచాడుగా కలుపుతూ మధ్యలో ఆగి చూడాలి. తిరుపతి ఎండలూ లెక్కలోకి రావాలి. డిసెంబరులో ముద్దగా ఉన్న సరుకు మే నెలలో సీసాలో గలగలమంటుంది. వేడికి ఈ రకం చిక్కదనం తగ్గుతుంది, సరుకు పాడైనట్టు కాదు. కొన్నవాళ్లకు ఈ ముక్క ముందే చెప్పకపోతే ఫోన్లు వస్తాయి.

గ్లూకోసైడ్లు గ్లూకోజ్‌ను కొబ్బరి లేదా పామ్ నూనె నుంచి వచ్చిన ఫ్యాటీ ఆల్కహాల్‌తో కలిపి చేసేవి. విద్యుదావేశం ఉండదు కాబట్టి కాల్షియంతో గొడవే లేదు, బోరు నీళ్లలోనూ నురగ వస్తుంది. చర్మానికి సల్ఫేట్ కంటే మృదువే. ఇన్ని మంచి గుణాలున్నా దీన్ని జుట్టుకు మొదటి ఎంపికగా నేను చెప్పను. నూనె దట్టంగా పెట్టిన తలకు మొదటి రుద్దులో నురగ దాదాపు రాదు, రెండోసారి, మూడోసారి పోయాలి. కిలో ధర సల్ఫేట్ కంటే బాగా ఎక్కువ, కాబట్టి అలా పోసే ప్రతి గుప్పెడూ ఖర్చే. ఆరాక జుట్టు గరుకుగా కిచకిచమంటుంది. ఆ గరుకు తగ్గాలంటే పాలీక్వాటర్నియం లాంటిది కొంచెం కలపాలి. ఉప్పుతో చిక్కబడదు, శాంతన్ గమ్ వేయాలి. అది మాత్రం మే ఎండకు కూడా పలచబడదు. దుకాణం నుంచి వచ్చే గ్లూకోసైడ్ పీహెచ్ 11, 12 దాకా ఉంటుంది. సిట్రిక్ యాసిడ్ వేయకుండా "సల్ఫేట్ లేదు కదా" అని అలాగే ముఖానికి రాసుకుంటే సబ్బు కంటే అన్యాయం.

ముఖానికి వచ్చేసరికి నా ఓటు మారుతుంది. మండే చర్మానికి, పసిపిల్లలకు, కొండ మీద కల్యాణకట్టలో గుండు చేయించుకుని దిగినవాళ్ల తలకు గ్లూకోసైడే మేలు. కొత్త గుండు మీద కంటికి కనిపించని గీతలుంటాయి. గంధం పూసుకుంటారు, ఎండలో తిరుగుతారు, రాత్రికి గంధం ఎండిపోయి తల బిర్రుగా లాగుతుంటుంది. అప్పుడు దాని మీద పడేది మండకుండా ఉండాలి. నురగ ఎంతన్నది చూసుకునే అవసరం లేదు, కడగడానికి నూనే లేదు, వెంట్రుకలే లేవు. 50 శాతం కోకో గ్లూకోసైడ్ 100 గ్రాములు, బీటైన్ 100 గ్రాములు, శాంతన్ గమ్ 10 గ్రాములు, కిలోకు ఇవి చాలు. అసలు సరుకు 8 శాతం. గమ్‌ను ముందు గ్లిజరిన్‌లో తడిపితే నీళ్లలో ఉండలు కట్టదు. గ్లిజరిన్, ప్రిజర్వేటివ్, పీహెచ్ పైన చెప్పినట్టే. సువాసన నూనె వేయొద్దు.

మృదువు కదా అని పరీక్ష మానేయడానికి లేదు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక అలర్జీ కారకాన్ని ఎంచి ప్రకటిస్తుంది. 2004లో అది కోకో బీటైన్, 2017లో గ్లూకోసైడ్లు. బీటైన్ విషయంలో తప్పు ఎక్కువగా తయారీలో మిగిలిపోయే మలినాలదే. చర్మాన్ని మండించే గుణం వేరు, అలర్జీ వేరు. మొదటిది అందరికీ ఎంతోకొంత, రెండోది కొందరికే గానీ గట్టిగా పట్టుకుంటుంది. మోచేతి లోపలివైపు కొంచెం రాసి కడిగేసుకుని, ఒకటి రెండు రోజులు చూశాకే ముఖానికి వాడాలి.

"మరి మా అవ్వ కుంకుడుకాయ?" అని అడగనివాళ్లు లేరు. నూనె పెట్టిన తలకు వారానికొకసారి అయితే దాన్ని తక్కువచేసి మాట్లాడను. అందులోని సపోనిన్లు బోరు నీళ్లలో తెట్టు కట్టవు, రసం కాస్త పులుపు వైపే ఉంటుంది కాబట్టి జుట్టుకు ఇబ్బంది లేదు. కంట్లో పడితే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. అందుకే ముఖానికి, పిల్లలకు దాని జోలికి పోవద్దు. సీకాయ పొడి కలిపితే రుద్దుకోవడానికి బాగుంటుంది, ఆ పొడిని కడిగి వదిలించుకోవడమే పని. పిసికిన రసం మన ఎండలకు రెండో రోజుకే వాసన వేస్తుంది. నెలల తరబడి బీరువాలో ఉండే 'కుంకుడుకాయ షాంపూ' సీసా కొంటే వెనక వైపు చదవండి. సాధారణంగా నురగ పని సల్ఫేటే చేస్తుంటుంది, కుంకుడుకాయది బొమ్మ పని.

ఐసెథియోనేట్ అనే నురగ పొడితో చేసే షాంపూ బార్లు కూడా ఉన్నాయి, మృదువైనవే. ఆ పొడి గాల్లో లేస్తే ముక్కు, గొంతు మండిపోతాయి. మాస్కు, విడిగా ఒక గది లేకుండా వంటింట్లో మొదలుపెట్టొద్దు.

నీళ్లున్న ఏ సీసాకైనా ప్రిజర్వేటివ్ తప్పనిసరి, మనింటికే చేసుకున్నా సరే. 'ప్రిజర్వేటివ్ లేదు' అని గొప్పగా రాసి అమ్మేవాళ్ల సరుకులో బూజు కనిపించేసరికి సూక్ష్మజీవులు ఎప్పుడో చేరి ఉంటాయి. అమ్మకానికైతే కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం తయారీ లైసెన్సు కావాలి. తెలిసినవాళ్లకు పది సీసాలే ఇస్తున్నామన్నా డబ్బు తీసుకుంటే అది అమ్మకమే. లేబుల్ మీద పదార్థాల పేర్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. 'సల్ఫేట్ లేదు' అన్న ముక్క రాయడం రాయకపోవడం మాత్రం మీ ఇష్టం.