మళ్ళీ చేపల ట్యాంక్ పెట్టాక అన్నిటికంటే పనికొచ్చింది ఈ చుక్కల టెస్ట్ కిట్

పన్నెండేళ్ల తర్వాత మళ్ళీ చేపల ట్యాంక్ పెట్టాను, ఒకటి కాదు, రెండు. పెద్దది 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 35 ఎత్తు, అంచు దాకా నింపితే 63 లీటర్లు పడుతుంది. పక్కనే 20 లీటర్ల చిన్నది. ఫిల్టర్లు, గాలి మోటారు, హీటర్, ఎల్ఈడీ లైటు, ఇసుక, మొక్కలు అన్నీ కొత్తగానే కొన్నాను. వాటన్నిటి గురించీ రాయొచ్చు కానీ నేను రాయాలనుకున్నది చేతి సంచిలో పట్టేసే ఒక చిన్న పెట్టె గురించి. నీళ్లలో చుక్కలు వేసి రంగు చూసే లిక్విడ్ టెస్ట్ కిట్. ఇలాంటివి రెండు మూడు కంపెనీలవి దొరుకుతాయి, పని చేసే తీరు దాదాపు ఒకటే, అందుకే పేరు జోలికి పోవడం లేదు. నాలాగా చాలాకాలం తర్వాత మళ్ళీ మొదలుపెడుతున్నవాళ్లు ట్యాంక్ కంటే ముందు దీన్ని కొనండి అని గట్టిగా చెప్తాను.

ఎందుకంత గట్టిగా అంటే, నా మొదటి ట్యాంక్ కథ అలాంటిది. అప్పట్లో ట్యాంక్ కొన్న రోజే చేపలు కూడా కవర్లో కట్టిచ్చారు. సాయంత్రానికి నీళ్లు నింపడం, చేపలు వదలడం రెండూ అయిపోయాయి. నాలుగో రోజుకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలి పీల్చడం మొదలుపెట్టాయి, పది రోజుల్లో ఒక్కటి మిగిలింది. అడిగితే "నీళ్లు పడలేదు" అన్నారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, వాసన లేదు, పడకపోవడం ఏంటో అర్థం కాలేదు. ఆ తర్వాత కూడా రెండేళ్లు ట్యాంక్ నడిపాను కానీ చేప చనిపోయిన ప్రతిసారీ జబ్బు అనుకుని ఏదో ఒక మందు వేయడమే తప్ప నీళ్లలో ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ బాధతోనే చివరికి అమ్మేశాను. ఇప్పుడు కిట్‌తో ఐదు వారాలు కూర్చున్నాక ఆ చేపలు ఎందుకు పోయాయో తెలిసింది, తెలిసి ఇంకా బాధేసింది.

సంగతేంటంటే, చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకి విషం. నైట్రైట్ అయితే రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోసే శక్తినే తగ్గించేస్తుంది, నీళ్లలో గాలి ఎంత ఉన్నా చేప ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మూడోది కొంతవరకు ఫర్వాలేదు, నీళ్లు మారుస్తూ ఉంటే సరిపోతుంది. కొత్త ట్యాంక్‌లో ఈ బ్యాక్టీరియా సరిపడా ఉండదు, పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను అప్పట్లో చదివినవాటిలో రెండో మెట్టు పని నైట్రోబాక్టర్‌దని ఉండేది. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేది ఎక్కువగా నైట్రోస్పైరా అని 1998లోనే తేలిందట, ఆ జాతిలో కొన్ని రెండు మెట్లూ ఒక్కటే పూర్తి చేస్తాయని 2015లో బయటపడింది. పేర్లు ఏవైనా ఇవి కంటికి కనపడవు. మనకి కనపడేది కిట్‌లో మారే రంగు ఒక్కటే.

పెట్టెలో గాజు టెస్ట్ ట్యూబులు, రంగుల కార్డు, నీళ్ల ఆమ్లగుణం ఎంతో చెప్పే పీహెచ్‌కి, అమోనియాకి, నైట్రైట్‌కి, నైట్రేట్‌కి వేరువేరు సీసాలు ఉంటాయి. ట్యూబులో గీత దాకా 5 మిల్లీలీటర్ల ట్యాంక్ నీళ్లు పోసి, చుక్కలు వేసి, మూత పెట్టి ఊపి, ఐదు నిమిషాలు ఆగి కార్డు పక్కన పెట్టి చూడాలి. నా కిట్‌లో అమోనియాకి రెండు సీసాల నుంచి ఎనిమిదేసి చుక్కలు, నైట్రైట్‌కి ఐదు చుక్కలు. సీసా నిటారుగా తలకిందులు చేసి పట్టుకోవాలి, వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారి లెక్క తప్పుతుంది. ఈ రెండూ తేలిక.

తిప్పలు పెట్టేది నైట్రేట్ టెస్టే. దాని రెండో సీసాలో మందు అడుగున గడ్డకట్టి ఉంటుంది. కాగితంలో అర నిమిషం సీసాని బాగా ఊపమని, చుక్కలు వేశాక ట్యూబుని ఇంకో నిమిషం ఊపమని రాసి ఉంది. మొదటిసారి నేను పది సెకన్లు ఊపి వేశాను, నిమ్మపండు రంగు వచ్చింది, అంటే నైట్రేట్ సున్నా. అదే రోజు నైట్రైట్ తగ్గింది కాబట్టి నైట్రేట్ లేకపోవడం కుదరదు కదా అని అనుమానం వచ్చి, సీసా అడుగుని బల్లకేసి నాలుగుసార్లు తట్టి, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపి మళ్ళీ చేశాను. ఈసారి ట్యూబులో నారింజ రంగు మెల్లగా ఎర్రబడుతూ వెళ్లింది. ఒకే నీళ్లు, ఒకే సీసా, ఊపడంలో ఉన్న తేడా అంతే! "నా ట్యాంక్‌లో నైట్రేట్ ఎప్పుడూ సున్నానే" అనేవాళ్లు ముందు ఆ సీసాని బాగా ఊపి మళ్ళీ చూసుకోండి.

ఇక ఐదు వారాల సంగతి. ఈసారి చేపలు లేకుండానే ట్యాంక్ తయారుచేశాను. సబ్బు, సెంటు ఏవీ కలవని ఉత్త అమోనియా ద్రావణం కొద్దికొద్దిగా వేస్తూ కిట్‌లో 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు) చూపించేదాకా తెచ్చాను. హీటర్ 26 డిగ్రీల దగ్గర పెట్టాను. వారం రోజులు రోజూ చూసినా అమోనియా ట్యూబులో అదే ఆకుపచ్చ, కొంచెం కూడా కదల్లేదు. పదో రోజు నైట్రైట్ ట్యూబు ఆకాశనీలం నుంచి లేత ఊదాకి తిరిగింది. ఆ రంగు చూసిన ఆనందం చెప్పలేను, ఖాళీ ట్యాంక్‌లో ఏదో ప్రాణం మొదలైందని దాంతోనే తెలిసింది. పదహారో రోజుకి వేసిన అమోనియా ఒక్క రోజులో మాయమవుతోంది, నైట్రైట్ మాత్రం కార్డులో చివరి ఊదా దాటిపోయింది. లెక్క ప్రకారం 1 పీపీఎం అమోనియా దాదాపు 2.7 పీపీఎం నైట్రైట్ అవుతుంది కాబట్టి అంత పెరగడం మామూలే. అలాంటప్పుడు ఒక వంతు ట్యాంక్ నీళ్లకి నాలుగు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన అంకెని ఐదుతో హెచ్చిస్తే అసలు అంకె తెలుస్తుంది. ఈ చిట్కా కాగితంలో లేదు, ఉండాల్సింది.

ఇరవై రెండో రోజు నుంచి అన్నీ ఆగిపోయాయి. అమోనియా కూడా తగ్గడం మానేసింది. మామూలుగా అయితే నేను ఇక్కడే ఓపిక పోగొట్టుకుని సీసాలో అమ్మే బ్యాక్టీరియా ఏదో తెచ్చి పోసేవాణ్ణి. కిట్‌లో పీహెచ్ కూడా ఉంది కదా అని చూస్తే పసుపు, అంటే 6. ఆ టెస్టు 6 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అసలు అంకె ఇంకా తక్కువ కూడా అయ్యుండొచ్చు. మొదటిరోజు అదే నీళ్లు 7.4 చూపించాయి. ఈ బ్యాక్టీరియా పనిచేస్తున్న కొద్దీ నీళ్లలో క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఖర్చైపోతుంది, అది అయిపోతే పీహెచ్ పడిపోతుంది, పీహెచ్ అంత తక్కువైతే బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది. సగం నీళ్లు తీసి, క్లోరిన్ పోగొట్టిన కొత్త నీళ్లు పోశాను. రెండు రోజుల్లో మళ్ళీ కదిలింది. ముప్పై మూడో రోజు పొద్దున నైట్రైట్ ట్యూబులో ఐదో చుక్క పడ్డాక ఊపి చూస్తే తేట నీలం, ఐదు నిమిషాలు ఆగినా నీలమే. నిన్నటిదాకా చిక్కటి ఊదా! 2 పీపీఎం అమోనియా వేస్తే ఇరవై నాలుగు గంటల్లో రెండూ సున్నాకి రావడం వరుసగా మూడు రోజులు చూశాకే పెద్ద మొత్తంలో నీళ్లు మార్చి చేపలు తెచ్చాను.

ఇక్కడే కిట్ మీద నా పెద్ద ఫిర్యాదు కూడా చెప్పాలి. క్షారతని కొలిచే టెస్టు, అదే కేహెచ్, ఈ పెట్టెలో లేదు, విడిగా కొనుక్కోవాలి. అది ఉండుంటే పీహెచ్ పడిపోకముందే తెలిసేది. నీళ్ల గట్టిదనం కొలిచే జీహెచ్ కూడా లేదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో మాస్టర్ అని రాసుకున్న కిట్‌లో ఇవి లేకపోవడం నాకు నచ్చలేదు.

ఇంకో ఇబ్బంది రంగులు పోల్చడం. అమోనియా సున్నాకి, 0.25కి మధ్య తేడా పట్టుకోవడం నిజంగా కష్టం, పసుపులో ఆకుపచ్చ ఛాయ ఉందా లేదా అని ఎంతసేపు చూసినా తేలదు. రాత్రిపూట పసుపు బల్బు కింద చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. నేను చేసేది ఏంటంటే, కిటికీ దగ్గర పగటి వెలుతురులో ట్యూబుని కార్డుకి ఆనించి, ముందు నుంచి చూస్తాను, పై నుంచి చూడను. ఇంకో ట్యూబులో డిస్టిల్డ్ వాటర్‌కి అదే టెస్టు చేసి పక్కన పెడితే సున్నా అంటే ఏ రంగో స్పష్టంగా కనిపిస్తుంది. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియనివాళ్లు ఇంట్లో ఇంకొకరి సాయం తీసుకోవడం మంచిది. ఇంకో విషయం, కుళాయి నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసిన శుద్ధి మందు) కలిపే చోట, క్లోరిన్ పోగొట్టే కండిషనర్ వేశాక కాసేపు అమోనియా కనిపిస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు, మర్నాడు మళ్ళీ చూడండి.

చిన్న ట్యాంక్ విషయంలో మాత్రం ఐదు వారాలు ఆగలేదు. మొదటిరోజు నుంచే పెద్ద ట్యాంక్‌లో రెండు స్పాంజ్ ఫిల్టర్లు నడిపాను, అది సిద్ధమయ్యాక ఒకదాన్ని తడి ఆరకుండా తీసి చిన్నదాంట్లో పెట్టాను. 1 పీపీఎం అమోనియా వేసి చూస్తే మర్నాటికి అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా. బ్యాక్టీరియా ఉండేది నీళ్లలో కాదు, స్పాంజ్‌లో, ఇసుకలో, రాళ్ల మీద అని చదివిన మాట కళ్లారా చూసినట్టయింది. అందుకే స్పాంజ్‌ని కుళాయి కింద కడగొద్దు, మార్చేటప్పుడు తీసిన ట్యాంక్ నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు.

పెద్ద ట్యాంక్‌లోకి ముందు ఆరు చెర్రీ బార్బ్‌లు వచ్చాయి. తర్వాత తెచ్చిన ఆరు మరుగుజ్జు కోరిడోరాస్‌ని మూడు వారాలు చిన్నదాంట్లో విడిగా ఉంచి, ఏ జబ్బూ లేదని తేలాకే కలిపాను. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, వారానికోసారి చేసే టెస్టులో అమోనియా 0.5 వచ్చింది. చేపల్ని చూస్తే ఏ తేడా లేదు, బార్బ్‌లు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి, కోరిడోరాస్ మీసాలతో ఇసుక వెతుక్కుంటున్నాయి. టార్చ్ వేసి మూలమూలా చూస్తే చెక్క వెనకాల అడుగుకి మునిగే మేత బిళ్లలు రెండు ఇరుక్కుని, తెల్లటి బూజు పట్టి ఉన్నాయి. పైపుతో లాగేసి, మూడో వంతు నీళ్లు మార్చాను. మర్నాటికి మళ్ళీ పసుపు, అంటే అమోనియా సున్నా. నా నీళ్ల పీహెచ్ అప్పుడు 7 దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. పీహెచ్ 8లో అయితే అదే 0.5లో విషంగా పనిచేసే భాగం దాదాపు పదింతలు ఉండేది. కిట్ లేకపోతే ఒక చేప పోయాకే నాకు తెలిసేది, అప్పుడు కూడా జబ్బే అనుకునేవాణ్ణి.

నీళ్లలో ముంచి తీసే పేపర్ స్ట్రిప్పులు కూడా వాడి చూశాను. త్వరగా అవుతుంది కానీ నేను కొన్నదాంట్లో అమోనియానే లేదు. కొత్త ట్యాంక్‌కి కావాల్సిందే అది. డబ్బా మూత ఒకసారి సరిగ్గా పెట్టకపోతే తేమకి మిగతావి కూడా పాడయ్యాయి. అంతా స్థిరపడిన ట్యాంక్‌కి ఫర్వాలేదేమో, మొదలుపెట్టేవాళ్లకి వద్దంటాను.

పిల్లలున్న ఇంట్లో ఈ సీసాలు ఎత్తులో పెట్టండి, కొన్నిటిలో ఆమ్లాలుంటాయి. టెస్ట్ చేసిన నీళ్లు ట్యాంక్‌లో తిరిగి పోయకండి. ట్యూబులు వెంటనే కడిగి బోర్లించండి, మరకపడితే తర్వాతి రంగు నమ్మలేం. సీసాల మీద గడువు తేదీ లేకపోతే కంపెనీ వెబ్‌సైట్లో లాట్ నంబరుతో చూసుకోండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటి తగ్గించింది కేహెచ్ లేనందుకే. నా దాంట్లో అమోనియా సీసాలు అడుగంటాయి, మిగతావి సగం పైనే ఉన్నాయి. సీసాలు విడిగా కూడా అమ్ముతున్నారు కాబట్టి ఈసారి ఆ రెండూ, వాటితో పాటు కేహెచ్ ఒకటి తెప్పిస్తున్నాను.