ఎర్రమట్టి బ్లాకుల ఇంట్లో పదేళ్ళు

హిందూపురం దగ్గర మా ఊళ్ళో, సిమెంటు కలిపి మెషిన్‌లో నొక్కిన మట్టి బ్లాకులతో ఇల్లు కట్టుకుని పదేళ్ళు దాటింది. మళ్ళీ కట్టాల్సి వచ్చినా వీటితోనే కడతాను. కానీ "చాలా చవకట కదా?" అని అడిగేవాళ్ళకు కొంచెం వివరంగా చెప్పాలి.

బ్లాకు దగ్గర మాకు మిగిలింది తక్కువే. మట్టి తవ్వాలి, జల్లెడ పట్టాలి, సిమెంటు పొడిగా కలపాలి, నీళ్ళు చల్లాలి, సిమెంటు బిగుసుకోకముందే నొక్కేయాలి, ఆ తర్వాత మూడు నాలుగు వారాలు గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండాలి. అంతా కూలీల మీద నడిచే పని. మిగులు కనిపించింది గోడ పూర్తయ్యాకే. మట్టి మా స్థలంలోదే కాబట్టి లారీ బాడుగ లేదు. బయట ప్లాస్టరింగ్ లేదు, రంగులు లేవు, దాంతో ఇసుక ఖర్చు బాగా తగ్గింది. బట్టీలో కట్టెలూ బొగ్గూ కాల్చే పని లేకపోవడం నాకు అన్నిటికంటే తృప్తి.

మట్టి సరిగ్గా లేకపోతే ఇవేవీ దక్కవు. పైపొరలో వేర్లు, ఎరువు ఉంటాయి కాబట్టి దాన్ని చెట్లకు వాడుకుని, కింది మట్టే తీసుకోవాలి. గాజు సీసాలో ఆ మట్టి కొంచెం వేసి, నీళ్ళు పోసి బాగా ఊపి పక్కన పెడితే ఇసుక ముందు అడుగుకు చేరుతుంది, బంకమట్టి అన్నిటికంటే ఆఖరున పేరుకుంటుంది. మట్టి కట్టడాల మీద పనిచేసే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ లెక్కలో మంచి మట్టి అంటే గులక 15 శాతం, ఇసుక 50, సన్నటి ఒండ్రు 15, బంక 20. మా మట్టిలో బంక ఎక్కువ ఉండేసరికి క్రషర్ పొడి కలిపాం. ఇక సిమెంటు, ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మామూలుగా 5 శాతం చెబుతారు, మేం 7 వేశాం. నల్లరేగడిలో కట్టేవాళ్ళు మాత్రం ఆలోచించుకోవాలి. అది నానితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇసుక బాగా కలపాలి, సున్నమూ వేయాలి, ఆ ఖర్చుతో చవక అన్న మాటే పోతుంది.

"వానకు కరిగిపోదా?" అని ఊళ్ళో అడగనివాళ్ళు లేరు. 2021 నవంబరులో సీమను ముంచెత్తిన వానలను ఈ గోడలు తట్టుకున్నాయి. రాతి పునాదిని నేల మీద రెండడుగులు లేపడం, చూరు రెండున్నర అడుగులు బయటికి వదలడం వల్లే అది సాధ్యమైందని నా నమ్మకం. దెబ్బతిన్నది ఒక్కచోటే. వెనకవైపు శ్లాబు నీళ్ళు పడే గొట్టం కింద, చిట్లిన నీళ్ళు తగిలి అడుగు వరసలో వేలి మందాన మట్టి కొట్టుకుపోయింది. మట్టి, ఇసుక, సిమెంటు కలిపి పూడ్చి, గొట్టం దూరంగా పొడిగించాం. మళ్ళీ రాలేదు. పడమటి గోడ రంగు వెలిసింది, అంతకుమించి ఏమీ లేదు.

ఎండాకాలం చల్లగా ఉంటుందా అంటే, మధ్యాహ్నం వరకూ హాయిగా ఉంటుంది. తర్వాత వేడి గోడలోంచి కాదు, కప్పులోంచి దిగుతుంది. మేం ఫిల్లర్ శ్లాబు, అంటే అడుగున కొంత కాంక్రీటు బదులు మంగళూరు పెంకులు పొదిగిన శ్లాబు, వేయించాం కాబట్టి నయం. మట్టి గోడలు కట్టి, పైన మామూలు శ్లాబు వేసి ఊరుకుంటే ఏప్రిల్‌లో నిరాశ తప్పదు.

రోజువారీ ఇబ్బందులూ ఉన్నాయి. సుత్తితో మేకు కొడితే అంచు పెచ్చు ఊడుతుంది, డ్రిల్లు వేసి ప్లగ్గు పెట్టాల్సిందే. కరెంటు పైపులు గోడ లేచేటప్పుడే వేయించాలి, తర్వాత గాడి కొడితే బ్లాకు పాడవుతుంది. తలుపుల దగ్గర మూలలు త్వరగా అరుగుతాయి. లోపల సున్నం వేయించాక దుమ్ము రాలడం ఆగింది.

లోన్ దగ్గర టెన్షన్ పడ్డాం. చూడ్డానికి వచ్చిన ఇంజినీరు మట్టి గోడలనగానే ఫైలు పక్కన పెట్టేశారు. ఈ బ్లాకులకు ఐ.ఎస్. 1725 అనే భారతీయ ప్రమాణం ఉందని చూపించి, ల్యాబ్ రిపోర్టు ఇచ్చాకే పని కదిలింది. ఆ పరీక్షకు బ్లాకును నీళ్ళలో నానబెట్టే పంపమనండి. పొడిగా ఉన్నప్పుడు ఏ బ్లాకైనా గట్టిగానే కనిపిస్తుంది, నానితే బలం బాగా తగ్గుతుంది. ఆ తగ్గిన బలం మీదే మీ ఇంజినీరు గోడ మందం, అంతస్తులు లెక్క వేయాలి.