మంచు ఆలస్యంగా పడిన ఏడాది గుల్‌మార్గ్‌లో స్కీ టూరింగ్: రాయగడ నుంచి వెళ్లేవాళ్ల కోసం

రాయగడ, గుణుపురం, జయపురం వైపు మనవాళ్లు ఈ మధ్య చాలామందే కశ్మీర్ వెళ్లొస్తున్నారు. గొండోలా (కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు) ఎక్కి, మంచులో ఫొటోలు దిగి, శాలువాలు కొనుక్కుని వచ్చేస్తారు. మేం వెళ్లిన పని వేరు. లిఫ్టులో పైకెళ్లి, మిషన్‌తో చదును చేసిన వాలు మీద జారడం మామూలు స్కీయింగ్. స్కీలు కాళ్లకు తగిలించుకుని కొండను మన ఊపిరితో మనమే ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగడం స్కీ టూరింగ్. నేను, మా బావ, జయపురంలో ఉండే మా చిన్నాన్న కొడుకు, ముగ్గురం 2025 మార్చి మొదట్లో ఇందుకోసమే గుల్‌మార్గ్ వెళ్లాం. ఎక్కడ ఉండాలి, ఎవరిని నమ్మాలి, మంచు సంగతి ఏమిటి అని తెలిసినవాళ్లు అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అసలు మా టికెట్లు ఫిబ్రవరికి. బయల్దేరే ముందు వారం గైడ్ ఫోన్ చేశాడు. "సార్, ఇప్పుడు రావద్దు. కింద వాలుల్లో రాళ్లు కనిపిస్తున్నాయి. డబ్బులు ఎక్కడికీ పోవు, మంచు పడ్డాక పిలుస్తాను" అన్నాడు. ఆ నెల 22న గుల్‌మార్గ్‌లో మొదలవ్వాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ కూడా మంచు లేకే వాయిదా పడ్డాయి. నెలాఖరులో గట్టిగా కురిశాక, ఆ పోటీలు మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి. అంతకుముందు ఏడాది, 2024 జనవరిలోనూ ఇదే పరిస్థితి. తెల్లగా ఉండాల్సిన మైదానంలో ఎండుగడ్డి కనిపించింది.

అదే సమయంలో మాకు ఇంకొకతను తగిలాడు. రేటు తక్కువ. "గొండోలా సెకండ్ ఫేజ్ పైనుంచి గ్యారంటీగా దింపుతాను, మంచు సంగతి నాకు వదిలేయండి" అన్నాడు. బావకు అతని మాట నచ్చింది. నాకు మాత్రం రావద్దన్నవాడి మీదే నమ్మకం కుదిరింది. చేతికొచ్చిన బేరాన్ని వదులుకుని నిజం చెప్పినవాడు, కొండ మీద కూడా నిజమే చెబుతాడు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు నేను ఇప్పుడు చూసేది ఇదే: వద్దు అనగలడా, లేదా?

ప్రాక్టీసు సంగతి చెప్తాను. మనవైపు మంచు లేకపోయినా కొండలు ఉన్నాయి. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం. సెమిలిగుడలో దిగి, వీపున నీళ్ల సీసాలు నింపిన బ్యాగులు వేసుకుని, రోడ్డు వదిలేసి గడ్డి వాలుల మీదుగా ఎక్కేవాళ్లం. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ చలి బాగా కొరుకుతుంది. కొన్ని రోజులు గడ్డి మీద మంచు గట్టిపడి బూటు కింద కరకరమంటుంది. మోకాళ్లకీ, ఊపిరితిత్తులకీ ఇంతకంటే మంచి చోటు దగ్గర్లో లేదు. బస విషయంలో మాత్రం రెండు రకాలూ చూశాం. కొండ మీద గుడారాల్లో సూర్యోదయం గుమ్మంలోనే దొరుకుతుంది, కానీ శని, ఆదివారాల్లో బండ్ల హారన్లు, పాటల బాక్సులు, ఎక్కడపడితే అక్కడ ప్లాస్టిక్. నిద్ర పట్టదు. సెమిలిగుడలో మామూలు లాడ్జి తీసుకుని, నాలుగింటికి లేచి వెళ్లడమే మాకు సుఖంగా అనిపించింది. వారం మధ్యలో వెళ్తే కొండ మనదే.

గుల్‌మార్గ్ కంటే ముందు ఉత్తరాఖండ్‌లోని ఔలీ గురించి చెప్పాలి. బావ స్కీయింగ్ నేర్చుకున్నది అక్కడే, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ కోర్సులో. మొదటిసారి స్కీ మీద నిలబడేవాళ్లకు ఔలీయే మేలంటాడు. వాలు నెమ్మదిగా ఉంటుంది, ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి, శిక్షకులు ఓపిగ్గా చెప్తారు. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో భూమి కుంగినప్పుడు ఊరి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే ఆపేశారు. బావ వెళ్లినప్పుడు కూడా అది మూసే ఉంది, రోడ్డు మీద జీపులే గతి. ఇంకొకటి, అక్కడ మంచు నిలిచే రోజులు తక్కువ. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కృత్రిమ మంచు మిషన్లు పెట్టారు గానీ, వాటికీ చలి ఉండాలి, నీళ్లుండాలి. టూరింగ్ కోసమైతే గుల్‌మార్గే. 2,650 మీటర్ల దగ్గర ఊరు, అక్కడి నుంచి గొండోలా మొదటి ఫేజ్ కొంగ్‌డూరి అనే మధ్య స్టేషన్‌కి, రెండో ఫేజ్ అఫర్వట్ కొండ భుజం మీద దాదాపు 3,950 మీటర్లకు తీసుకెళ్తుంది. ఇంత ఎత్తుకు ఇంత సులువుగా చేరే కొండ మన దేశంలో స్కీయర్లకు ఇంకొకటి లేదు. ఆ సులువే ప్రమాదం కూడా. పది నిమిషాల్లో అనుభవం లేనివాళ్లను నేరుగా మంచుచరియల వాలు మీద దింపేస్తుంది.

మంచు ఎందుకు ఆలస్యమవుతోందో తెలిస్తేనే మిగతాదంతా అర్థమవుతుంది. మన వర్షాలు బంగాళాఖాతం నుంచి వస్తాయి. కశ్మీర్ మంచు పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్సులు అనే చలికాలపు వాతావరణ అలజడుల మీద ఆధారపడింది. అవి బలహీనపడినా, ఉత్తరానికి జరిగి పోయినా ఆకాశం నీలంగానే ఉంటుంది, మంచు పడదు. డిసెంబర్ 21 నుంచి 40 రోజుల్ని అక్కడ చిల్లై కలాన్ అంటారు. ఆ చలిలో పడే మంచు పొడిగా ఉండి, గట్టిగా కూర్చుని, ఎండాకాలం దాకా వాగుల్ని నింపుతుంది. ఫిబ్రవరి చివర్లో, మార్చిలో పడేది ఎండకు త్వరగా కరిగిపోతుంది. శ్రీనగర్ నుంచి మమ్మల్ని తీసుకెళ్లిన డ్రైవర్‌కు ఆపిల్ తోట ఉంది. "మీకు స్కీయింగ్ పోతే ఒక సెలవు పోయినట్టు. మాకు జూన్‌లో తోటకు నీళ్లు పోతాయి" అన్నాడు. ఆ మాట విన్నాక మంచు తక్కువైందని మా సరదా గురించి విసుక్కోవడానికి నోరు రాలేదు.

చాలామంది అనుకునేదేమిటంటే, మంచు తక్కువ పడిన ఏడాది ప్రమాదమూ తక్కువేనని. మాకు గైడ్ మొదటి రోజే పారతో తవ్వి చూపించింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొంగ్‌డూరి పక్కన ఒక చిన్న వాలులో నడుం లోతు గొయ్యి తీశాడు. పైన కొత్త మంచు, దట్టంగా, తెల్లగా. దాని కింద ఒక పలుచని గట్టి పెచ్చు. అట్టడుగున, నేలకు ఆనుకుని, బూడిద రంగు పొర. ఆ పొర తీసి నా చేతిలో పోశాడు. గుప్పిట బిగిస్తే ముద్ద కాలేదు, బొంబాయి రవ్వలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. జనవరిలో పడిన కాస్త మంచు పలుచగా ఉండిపోయి, మబ్బులేని చలి రాత్రుల్లో కింద నేల వెచ్చదనానికీ పైన గడ్డకట్టే గాలికీ మధ్య నలిగి ఇలా గుళ్లగుళ్లగా మారుతుందట. దాని మీద నెలాఖరున ఒక్కసారిగా అడుగుల కొద్దీ మంచు పడితే, ఆ బరువును ఈ గుళ్లు మోయలేవు.

తర్వాత పరీక్ష చేశాడు. ముప్ఫై సెంటీమీటర్ల పొడవు, వెడల్పు ఉన్న స్తంభంలా మంచును నాలుగు వైపులా కోసి, పైన పార పెట్టి, మణికట్టు నుంచి పదిసార్లు, మోచేతి నుంచి పదిసార్లు, భుజం నుంచి పదిసార్లు తడతారు. ఎన్నో దెబ్బకు, ఎలా విరిగిందో చూస్తారు. మాది మోచేతి దెబ్బల మొదట్లోనే అడుగు పొర దగ్గర నున్నగా తెగి, పైభాగమంతా ఒక్క దిమ్మెగా ముందుకు జారింది. గైడ్ పార దులిపి, "ఈ వారం పైకి లేదు. చెట్ల మధ్యనే" అన్నాడు. బావ ఒక్కమాట వాదించలేదు.

ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వట్ మీద చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. పొడి జనవరి తర్వాత ఒక్కసారిగా మంచు కురిసిన 2024 ఫిబ్రవరిలో, 22న, రష్యా స్కీయర్ ఒకరు పోయారు. 30 నుంచి 45 డిగ్రీల వాలులే ఎక్కువగా విరుగుతాయి, స్కీయర్లు ఇష్టపడేవీ అవే. కూరుకుపోయిన మనిషిని పావుగంటలో తీయగలిగితే బతికే అవకాశం బాగుంటుంది. అది దాటితే వేగంగా తగ్గిపోతుంది. కింది నుంచి సాయం వచ్చేలోపు ఆ పావుగంట అయిపోతుంది కాబట్టి, తీయాల్సింది పక్కనున్న మన మనుషులే. అందుకే ఒక్కొక్కరి ఒంటి మీదా బీకన్ (మంచు కింద ఉన్న మనిషి జాడ తెలిపే సిగ్నల్ పరికరం), బ్యాగులో పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ఉండాలి. ముగ్గురిలో ఒక్కరి దగ్గరే ఉంటే, కూరుకుపోయింది అతనైతే?

సామాను అద్దెకే తీసుకున్నాం. మామూలు స్కీలు గుల్‌మార్గ్‌లో అడుగడుగునా దొరుకుతాయి. మడమ పైకి లేచే టూరింగ్ బైండింగులు, ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల కింద అతికించే పట్టీలు, అంటే స్కిన్లు మాత్రం కొద్దిచోట్లే ఉన్నాయి. సైజు చెప్పి ముందే మాట్లాడుకోవాలి. ఒక దుకాణంలో ఇచ్చిన బీకన్ ఆన్ చేస్తే బ్యాటరీ గుర్తు వెలిగి ఆరిపోయింది. మార్చమంటే "పని చేస్తుంది సార్, ఏం కాదు" అంటాడు. వదిలేసి వేరే చోట తీసుకున్నాం. ఇలాంటి చోట మొహమాటం అస్సలు పనికిరాదు. బూట్లు వేసుకుని దుకాణంలోనే అరగంట నడవండి. స్కిన్ల సంగతి ఒకటి: వాటి జిగురు చలికి బిగుసుకుపోతే స్కీకి అంటదు. గైడ్ విశ్రాంతిలో వాటిని మడిచి జాకెట్ లోపల, పొట్టకు ఆనించి పెట్టుకోమనేవాడు. అలా పెట్టిన రోజు దారిలో ఒక్కసారీ ఊడలేదు.

బస విషయానికొస్తే, గుల్‌మార్గ్‌కు కింద ఉన్న టంగ్‌మార్గ్‌లో గదులు చవక. కానీ మంచు పడితే మన బండి అక్కడే ఆగుతుంది, పైకి చైన్లు కట్టిన లోకల్ బండి మాట్లాడుకోవాలి. టూరింగ్‌కు పొద్దున్నే బయల్దేరాలి. మార్చిలో పదకొండు దాటితే ఎండ తగిలే వాలు మెత్తబడిపోతుంది. కింద ఉంటే ఆ మంచి గంటలన్నీ రోడ్డు మీదే పోతాయి. డబ్బు ఎక్కువైనా పైనే ఉండమని నా సలహా. గది చూసేటప్పుడు కిటికీ వ్యూ కంటే మూడు విషయాలు అడగండి: రాత్రి హీటింగ్ ఎన్నింటికి ఆపేస్తారు, కరెంటు పోతే జనరేటర్ గదులకు ఇస్తారా, తడిసిన బూట్లు ఆరబెట్టడానికి వెచ్చని చోటు ఉందా. మేం మొదట దిగిన హోటల్లో రాత్రి పదకొండుకే హీటింగ్ ఆగిపోయింది, పొద్దున బూట్లు రాయిలా ఉన్నాయి. రెండోది చిన్నది, బుఖారీ పొయ్యి ఉన్న హాలు, చుట్టూ తాళ్ల మీద అందరి సాక్సులూ. తిండి అన్నం, రాజ్మా, హాక్ ఆకుకూర. ఇంటి నుంచి తెచ్చుకున్న చోడి (రాగి) పిండి ఇస్తే వంటతను రోజూ పొద్దున్నే జావ కాచి పెట్టాడు. ఎక్కే రోజు అంతకంటే కడుపులో నిలిచేది ఇంకొకటి లేదు.

చెట్ల మధ్య దారుల్లో మంకీ హిల్ వైపు తిరిగాం. పెద్ద శిఖరం కాదు, కానీ దేవదారు, ఫర్ చెట్ల మధ్య కొత్త మంచులో స్కీ నడకకు ఒక లయ దొరుకుతుంది: కాలు ఎత్తకుండా ముందుకు జరపడం, మలుపులో ఒక్కో స్కీనీ తిప్పి పెట్టడం. ఒకచోట మా బరువుకు కింద ఎక్కడో "వుంఫ్" అని బరువైన శబ్దం వచ్చింది. ముగ్గురం ఒక్కసారి ఆగిపోయాం. అడుగు పొర కూలిన శబ్దం అది. వాలు లేని చోట కాబట్టి ఏమీ జరగలేదు. గైడ్ మా ముగ్గురినీ దూరం దూరంగా నిలబెట్టి, ఒక్కొక్కరినే దాటించాడు. దిగేటప్పుడు మాత్రం, ఎంతకాలంగానో కలలు కన్నదంతా నిజమే అనిపించింది. మోకాలి లోతు మంచులో స్కీలు తేలిపోతుంటే మా తమ్ముడు కేకలు పెట్టుకుంటూ దిగాడు. మంచు నిండుగా ఉన్న ఏళ్లలో అడవి గుండా కింద బాబా రేషి దర్గా దాకా దిగొచ్చట. మాకు కింది భాగంలో మొద్దులు, రాళ్లు తేలి ఉన్నాయి, సగంలో స్కీలు భుజాన వేసుకుని నడిచాం.

ప్రయాణం గురించి నాలుగు మాటలు. రాయగడ నుంచి సమతా ఎక్స్‌ప్రెస్‌లో నిజాముద్దీన్, అక్కడి నుంచి శ్రీనగర్‌కు విమానం. 2025 జూన్ నుంచి కట్రా నుంచి శ్రీనగర్‌కు వందేభారత్ నడుస్తోంది, 359 మీటర్ల ఎత్తున్న చీనాబ్ వంతెన మీదుగా. మంచుకు విమానాలు రద్దయ్యే రోజుల్లో ఇది పెద్ద ధీమా. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, ముగ్గురిలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గొండోలా టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ఎంత ముందు తీసుకుంటే అంత మంచిది. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులు చాలావరకు గీత దాటిన (చదును చేసిన వాలు వదిలి చేసే) స్కీయింగ్‌కు వర్తించవు, పాలసీలో ఆ లైను చదివి సంతకం పెట్టండి. చేరిన మొదటి రోజు ఎక్కే పని పెట్టుకోకండి. మన ఎత్తు నుంచి ఒక్కసారిగా అంత పైకి వెళ్తే తలనొప్పి రావచ్చు.

ఇప్పుడు వెళ్లాలనుకునేవాళ్లు హోటల్, విమానం రెండూ తేదీ మార్చుకునే వీలున్నవే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. సెలవు కూడా ఆఫీసులో ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఎప్పుడైనా తీసుకునేలా మాట్లాడి పెట్టుకోండి. బావ ఇప్పటికే అలా అడిగి ఒప్పించుకున్నాడు. గైడ్ ఫోన్ వచ్చాకే టికెట్ తేదీ ఖాయం చేస్తాం.