క్యాసియో ఎంజే-120డి: లెక్క తప్పడం లేదు, ఒక్క స్టార్ ఇచ్చే ముందు ఇది చదవండి

దుకాణాల్లో వాడే ఇలాంటి కాలిక్యులేటర్‌కి ఎవరైనా ఒక్క స్టార్ ఇచ్చి, "2 + 3 × 4 కొడితే 20 వస్తోంది, డిఫెక్ట్ పీస్" అని రాస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అది పాడైన ముక్క కాదండీ. దాన్ని తయారుచేసిందే అలా పనిచేయడానికి. నేను బెంగళూరు మారతహళ్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను, పొద్దున్నుంచి రాత్రి దాకా దీని మీదే నా బిల్లులన్నీ, కాబట్టి తెలిసే చెబుతున్నాను.

ఈ మామూలు రకం మెషిన్ మనం కొట్టేదంతా ఒక వరుసగా గుర్తుపెట్టుకుని ఆఖర్న లెక్క కట్టదు. కొత్త గుర్తు నొక్కగానే అంతవరకు ఉన్నది తేల్చేసి ముందుకెళ్తుంది. 2 + 3 తర్వాత × నొక్కారంటే అప్పటికే 5 అయిపోయింది, ఇక 4 తో గుణిస్తే 20. సైంటిఫిక్ రకం అలా కాదు, మొత్తం లైను చూసి ముందు గుణకారం, తర్వాత కూడిక చేసి 14 చూపిస్తుంది. బడిలో నేర్పేది ఈ రెండోదే, కాగితం మీద సరైన జవాబూ అదే. కంప్యూటర్లో విండోస్ కాలిక్యులేటర్ తెరిచి చూడండి, స్టాండర్డ్‌లో 20, సైంటిఫిక్‌లో 14, ఒకే ప్రోగ్రాంలో రెండూ ఉన్నాయి.

మా పాప ఏడో తరగతి. "నాన్నా, ఇది పాడైపోయింది, మా మిస్ చెప్పినట్టు రావట్లేదు" అని అది ఒకవైపు, "ఇన్నేళ్ల నుంచి ఇలాంటి దాని మీదే బిల్లులు వేస్తున్నాం, ఒక్క రూపాయి తేడా రాలేదు" అని కౌంటర్లో ఉండే మా బావమరిది ఇంకోవైపు. ఇద్దరిదీ నిజమే. మా బావమరిది లెక్కంతా ఒకే లైనుగా కొట్టడు, అదే అసలు సంగతి.

ఉదాహరణకి రెండు భోజనాలు 90 చొప్పున, మూడు కూరలు 40 చొప్పున. 2 × 90 + 3 × 40 అని గబగబా కొట్టుకుంటూ పోతే 7320 వస్తుంది. అంత పెద్ద అంకె చూస్తే ఎవరైనా ఆగుతారు, దాంతో ప్రమాదం లేదు. ప్రమాదమంతా చిన్న బిల్లుల్లో ఉంది: 20 రూపాయల పెరుగు, పది రూపాయల అప్పడాలు మూడు, 20 + 10 × 3 అని కొడితే 90. ఇవ్వాల్సింది 50. కౌంటర్ దగ్గర రద్దీలో 90 అంటే ఎవరికీ అనుమానం రాదు, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషి ఫోన్ తీసి స్కాన్ చేసి వెళ్లిపోతాడు. అలా పోయిన నలభై రూపాయలు ఎవరివైనా నాకు నచ్చదు.

దీనికి మందు ఈ మెషిన్ మీదే ఉంది. 2 × 90 కొట్టి ఎం ప్లస్ (మెమరీలో కలిపే బటన్), 3 × 40 కొట్టి మళ్లీ ఎం ప్లస్, తర్వాత మెమరీ చూపించే బటన్ నొక్కితే 300. లేదంటే ఒక్కో ఐటమ్‌కి = నొక్కుతూ వెళ్లి చివర్లో జీటీ, అంటే గ్రాండ్ టోటల్ బటన్ నొక్కండి, అదే మొత్తం వస్తుంది. స్క్రీన్ మూల ఎం అక్షరం కనిపిస్తుంటే పాత బిల్లు ఇంకా లోపలే ఉన్నట్టు, తీసేసి తర్వాతి వాళ్లది మొదలుపెట్టాలి. నాకు అన్నిటికంటే నచ్చింది చెక్ బటన్లు. కస్టమర్ "అన్నా, ఎక్కువ వేసినట్టున్నారు" అంటే వెనక్కి వెళ్తూ ఏ అంకె, ఏ గుర్తు కొట్టామో ఒక్కొక్కటే ఆయన కళ్లముందే చూపించొచ్చు. గొడవ అక్కడితో సరి.

ఇక పాపకి విడిగా క్యాసియో వాళ్లదే సైంటిఫిక్ రకం, ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్ తీసుకున్నాం, వెయ్యి దాటింది. అవెన్యూ రోడ్డులో ఒక దుకాణంలో తేడా ఏంటని అడిగితే "రెండూ లెక్కలు చేసేవే అన్నా, దానికి బటన్లు ఎక్కువ" అని ఊరుకున్నారు. ఏది కొట్టిన వరసలో చేస్తుంది, ఏది ముందు గుణిస్తుంది అన్నదే అమ్మేవాళ్లు చెప్పాల్సిన ఒక్క మాట, అదే చెప్పకపోతే ఎలా?

ఈ సైంటిఫిక్ దాంట్లోనూ ఒకటి తెలుసుకోవాలి. 6 ÷ 2(1 + 2) కొడితే 1 చూపిస్తుంది. మధ్యలో గుర్తు పెట్టి 6 ÷ 2 × (1 + 2) కొడితే 9. గుర్తు లేకుండా బ్రాకెట్‌కి ఆనుకుని ఉన్న 2 ని ముందు గుణించాలని క్యాసియో వాళ్ల నియమం, మాన్యువల్లో ప్రాధాన్య క్రమంలో అలాగే ఉంటుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీ వారి టీఐ-84 కాలిక్యులేటర్లో గుర్తు లేని మొదటిదానికీ 9 వస్తుంది. 2019లో 8 ÷ 2(2 + 2) అంటూ ప్రపంచమంతా 16 అనీ 1 అనీ కొట్టుకున్నది ఇదే మెలిక మీద. నా మటుకు నాకు అలా రాయడమే తప్పు, ఇంకో బ్రాకెట్ పెడితే పోయేదానికి పంతాలెందుకు?

పిల్లలకి అంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది. ఏ లెక్క ముందు చేయాలో గుర్తుండటానికి బడిలో నేర్పే బోడ్‌మాస్ (BODMAS) లో డి ముందుంది కాబట్టి భాగహారమే ముందు, ఏ ముందుంది కాబట్టి కూడికే ముందు అని చాలామంది బట్టీ పట్టేస్తారు. కాదు. భాగహారం, గుణకారం ఒకే స్థాయి, కూడిక, తీసివేత ఒకే స్థాయి, ఎడమ నుంచి వరసగా చేయాలి. 12 − 5 + 3 అంటే 10, 4 కాదు. ఇంకోటి, మన పుస్తకాల్లో 12 ÷ 2 ఆఫ్ (of) 3 అని ఇస్తే ఆఫ్ ముందు చేసి 2 అని రాయాలి. కాలిక్యులేటర్ మీద ఈ ఆఫ్‌కి బటన్ ఉండదు, దాని బదులు × కొడితే 18 వస్తుంది. ఇలాంటి చోట బ్రాకెట్ పెట్టి 12 ÷ (2 × 3) కొట్టమని మా పాపకి చెప్పాను.

కౌంటర్ మీదకి ఎంజే-120డికి నా ఐదు స్టార్లు. బటన్లు పెద్దవి, చెయ్యి తడిగా ఉన్నా తుడుచుకుని కొట్టేయొచ్చు, అంకెలు దూరానికి కూడా కనిపిస్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లల కోసమైతే ఇది కొనకండి. ఏది కొన్నా డబ్బులిచ్చే ముందు అక్కడే 2 + 3 × 4 కొట్టి చూడండి, మీ చేతిలో ఉన్నది ఏ రకమో అప్పుడే తెలిసిపోతుంది.