ఏస్ ఇచ్చేసి పికప్ తెచ్చుకుందామని తిరిగిన ఐదు రోజులు

మా టాటా ఏస్ 2014 మోడలు, ఏపీ 05 నంబరు. కడియపులంక నుంచి మొక్కలు ఎత్తుకుని అమలాపురం, తుని, ఏలూరు అంటూ పదకొండేళ్లు తిరిగింది, పాపం ఒక్కసారి కూడా దారిలో వదిలెయ్యలేదు. కానీ 702 సీసీ, రెండు సిలిండర్ల ఇంజను, ఎంతని లాగుతుంది? క్రోటన్లు, గులాబీలు అయితే సరే, మట్టి గడ్డతో ఉన్న పెద్ద చెట్లు నాలుగు ఎక్కిస్తే రావులపాలెం వంతెన ఎక్కడానికి ఫస్ట్ గేరే. దీన్ని ఎక్స్‌ఛేంజికి ఇచ్చేసి సెకండ్‌హ్యాండ్ బొలెరో పికప్, 1.7 టన్నులది తెచ్చుకుందామని డిసెంబరులో బయల్దేరాం. నేనూ, మా అక్క మొగుడూ. బావ ఇరవై ఏళ్లు లారీ తోలాడు. ఇప్పుడు మానేశాడు గానీ, ఏ బండి కనిపించినా కిందకి దూరిపోయే అలవాటు మాత్రం పోలేదు. చేతిలో ఐదున్నర లక్షలు, ఏస్ ఎంతకి పోతే అంత పైన.

మొదట రాజమండ్రిలో ఒక షోరూమ్. ఏసీ గది, మంచి కాఫీ, మర్యాదకి లోటు లేదు. ఒక కుర్రాడు వచ్చి ఏస్‌ని నాలుగు వైపులా ఫోనులో ఫొటోలు తీశాడు, మీటరు ఫొటో తీశాడు, ఆర్సీ ఫొటో తీశాడు, అంతే. బానెట్ ఎత్తలేదు, స్టార్ట్ కూడా చెయ్యలేదు. పది నిమిషాల్లో 95 వేలు అన్నాడు. దానిమీద ఎక్స్‌ఛేంజి బోనస్ ఇంకో 15 వేలు, అయితే అది కొత్త బండి తీసుకుంటేనే. సెకండ్స్ కావాలంటే వాళ్ల దగ్గర ఆ రోజు ఒక్కటే ఉంది, దానికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు అయిపోయి రెండు నెలలైంది. కొత్తది నా వల్ల కాదు. కానీ అక్కడ ఒక పనికొచ్చే ముక్క దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, అంతకుముందు షోరూమ్ ధర పది లక్షలున్న బండి ఇప్పుడు దగ్గర దగ్గర 78 వేలు తక్కువకి వస్తోంది. కొత్తదే అంత తగ్గితే పాతది కూడా తగ్గాలిగా? తర్వాత నాలుగు రోజులూ ప్రతి బేరంలో ఈ మాట వాడాను. సగం మంది విననట్టు నటించారు.

అదే రోజు ఏస్ మీదే విజయవాడ వెళ్లాం. ఆటోనగర్‌లో బళ్లు ఎక్కువ, బేరగాళ్లు ఇంకా ఎక్కువ అని అందరూ చెప్పారు. చేరేసరికి చీకటి పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే భవానీ దీక్షల విరమణ, ఊరంతా ఎర్ర బట్టలు, బస్టాండు చుట్టుపక్కల ఏ లాడ్జికి వెళ్లినా ఖాళీ లేదు. చివరికి ఒక దాంట్లో 1600కి గది ఇచ్చాడు. మామూలు రోజుల్లో 800 ఉంటుందని లిఫ్టు కుర్రాడే చెప్పాడు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే, దుప్పటి మార్చమంటే ఇంకో దుప్పటి తెచ్చి దానిమీదే పరిచి వెళ్లిపోయాడు. పైగా పార్కింగ్ లేదు, ఏస్ రోడ్డు పక్కన పెట్టి బావ రెండుసార్లు కిందకి దిగి చూసొచ్చాడు. బండి తీసుకుని వెళ్లేవాళ్లు బస్టాండు దగ్గర దిగకండి. మర్నాడు పటమట వైపు, ఆటోనగర్‌కి దగ్గరలో, లారీవాళ్లు దిగే చిన్న లాడ్జికి మారాం. 900 రూపాయలు. గోడలకి సున్నం రాలుతోంది గానీ బాత్రూమ్ శుభ్రం, బండి లోపలే పెట్టుకోవచ్చు, గేటు దగ్గర మనిషి ఉన్నాడు. నాకైతే అది చాలు.

ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగాం. ఒకటి చెప్పాలి, పనితనం విషయంలో ఆ చోటుని మించింది నేను చూడలేదు. కమాన్ కట్టలవాడు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), రేడియేటర్లవాడు, బాడీ కట్టేవాడు, టైర్లవాడు అంతా పక్కపక్కనే. 500 ఇస్తే ఒక పెద్ద మెకానిక్ మనతో పాటు వచ్చి బండి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అమ్మేవాళ్లతో మాత్రం జాగ్రత్త. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారే, ఇక్కడ తువ్వాలు లేదు గానీ పద్ధతి అదే. మీ ముందు ఒక రేటు, పక్కకెళ్లి ఇంకొకడితో ఇంకో రేటు.

మాకు ముందు చూపించింది 2019 మోడలు. నిగనిగలాడే తెల్ల పెయింటు, సీట్లకి కొత్త కవర్లు, అద్దానికి నిమ్మకాయలు కూడా కట్టి ఉన్నాయి. నేను పడిపోయాను, ఒప్పుకుంటాను. బావ మాత్రం ఏ బండి దగ్గరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏం మోసిందండీ ఇది?" మోడలు కాదు, కిలోమీటర్లు కాదు. కిలోమీటర్లు ఎలాగూ నమ్మలేం, మీటరులో 61 వేలు చూపిస్తున్న ఆ బండి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము బయటికొచ్చేసింది. బ్రోకరు "కూరగాయలండీ, కూరగాయలు తప్ప ఏమీ ఎక్కించలేదు" అన్నాడు. బావ వెనక తలుపు దించి, లోపల పరిచిన రబ్బరు షీటు ఒక మూల ఎత్తి, స్క్రూ డ్రైవరుతో కింద రేకుని గోకాడు. పెయింటుతో పాటు రేకు కూడా పొరలు పొరలుగా లేచి, బిస్కెట్టు ముక్కల్లా చేతిలోకి వచ్చింది. వేళ్లు వాసన చూసుకుని నా ముక్కు దగ్గర పెట్టాడు. ఇక చెప్పక్కర్లేదు. బావ చాలా నెమ్మదిగా, "ఏ చెరువులో పండిన కూరగాయలండీ?" అన్నాడు. బ్రోకరుక్కూడా నవ్వొచ్చేసింది.

మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఇది పెద్ద తలనొప్పి. చేపలు, రొయ్యలు మోసిన బళ్లకి ఐసు కరిగిన నీళ్లు, ఉప్పు కలిసి రోజూ కిందకి కారుతూనే ఉంటాయి, పైన ఎంత పెయింటు కొట్టినా లోపల ఛాసిస్ తినేస్తుంది. ఇసుక, కంకర మోసిన వాటిది ఇంకో కథ. కమాన్ కట్టలో కంపెనీ ఇచ్చినవి కాకుండా ఒక పట్టీ అదనంగా వేసి ఉందంటే ఆ బండి మోయాల్సిన దానికంటే ఎక్కువ మోసిందని అర్థం, అప్పుడు వెనక కమాన్లు బిగించిన చోట ఛాసిస్‌కి వెల్డింగ్ మచ్చలున్నాయేమో టార్చి వేసి చూడాలి. వాటర్ క్యాన్ల బళ్లు తిరిగే దూరం తక్కువే గానీ వీధి వీధికీ ఆగి కదలాలి కాబట్టి క్లచ్, బ్రేకులు పోయి ఉంటాయి. అన్నిటికంటే మంచివి పొడి సరుకు, తేలిక సరుకు మోసినవి. మా ఏస్ మాత్రం ఏం తక్కువ తింది, పదకొండేళ్లు మొక్కలకి కొట్టిన నీళ్లన్నీ దాని అడుగు రేకే తాగింది, ఆ సంగతి మేం ఎవరికీ చెప్పలేదనుకోండి.

రెండో బండి నిజంగా బాగుంది. 2020 మోడలు, ఏపీ 39. ముందురోజు స్టార్ట్ చేస్తే పొగ లేదు, శబ్దం లేదు. బావకి అనుమానమొచ్చి మర్నాడు ఏడింటికే వెళ్లాం. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అంటే మనం వస్తామని ముందే స్టార్ట్ చేసి పెట్టారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి ఎలా స్టార్ట్ అవుతుందో అదే అసలు పరీక్ష. సరే, ఒక గంట కూర్చుని, టీ తాగి, ఆయిల్ పోసే మూత తీసి ఇంజను నడిపించి చూశాం, అక్కడ నుంచి పొగ పెద్దగా తన్నలేదు, అంటే ఇంజను బాగానే ఉందన్నమాట. టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఇవి 1320, అంటే బండితో వచ్చినవే, నాలుగూ మార్చాలి, ముప్పై వేల పైమాటే.

ఇప్పుడు అసలు మోసం, నేను దాదాపు పడిపోయిన చోటు. బండి 6 లక్షల 60 వేలు చెప్పాడు. మా ఏస్‌కి 1 లక్షా 30 వేలు ఇస్తానన్నాడు! షోరూమ్‌లో 95 విన్న చెవులకి అది అమృతం. పైన 5 లక్షల 30 వేలు, నా దగ్గర ఉన్న డబ్బులోనే అయిపోతుంది. బయానా 10 వేలు తీసి చేతిలో పట్టుకున్నాను కూడా. బావ చెయ్యి నొక్కి ఆపి, భోజనం చేసి వస్తామన్నాడు. ఆ పక్క మెస్‌లో గోంగూర పచ్చడి గురించి ఒక పేజీ రాయొచ్చు గానీ వద్దు. తిన్నాక మాతో వచ్చిన మెకానిక్‌ని పంపి అదే బండికి ఎక్స్‌ఛేంజి లేకుండా రొక్కానికి ఎంత అని అడిగించాం. 6 లక్షల 15 వేలకి ఇస్తానన్నాడట, అదీ మొదటి మాటలోనే. లెక్క వేసుకోండి, 6.15లో 5.30 తీసేస్తే మా ఏస్‌కి అతను నిజంగా కట్టిన విలువ 85 వేలు. షోరూమ్ కంటే తక్కువ! అందుకని పాత బండికి ఎంతిస్తారు అని అడగడం మానేశాను. మన జేబులోంచి పైన ఎంత పెట్టాలి, బండి ఇవ్వకపోతే ఎంత, ఈ రెండూ వేర్వేరు మనుషులతో అడిగించాలి.

మూడో రోజు ఏస్‌ని పటమట లాడ్జిలోనే ఉంచి (రోజుకి 50 రూపాయలు తీసుకున్నారు) రాత్రి ఆర్టీసీ బస్సులో హైదరాబాద్ వెళ్లాం. ఫైనాన్సువాళ్లు జప్తు చేసిన బళ్ల యార్డు ఒకటి ఊరి శివార్లలో ఉంది, అక్కడ చవగ్గా దొరుకుతాయని చెప్పారు. ఎల్బీ నగర్‌లో దిగి 1200కి గది తీసుకున్నాం, గది బాగుంది, మనుషులు బాగున్నారు. యార్డు మాత్రం దండగ. ఎండలో, దుమ్ములో వరసగా వందల బళ్లు, చాలా వాటికి బ్యాటరీ లేదు, కొన్నింటికి తాళం చెవి కూడా లేదు. నడిపి చూసే వీల్లేదు, ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి. 2021 మోడలు, టీఎస్ నంబరు, 5 లక్షల 10 వేలకి వచ్చేలా ఉంది. నోరూరింది. లాడ్జిలో కూర్చుని కాగితం మీద రాసుకున్నాం: తెలంగాణ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఆంధ్రాలో మళ్లీ రిజిస్ట్రేషను, పన్ను, బ్యాటరీ, టైర్లు, ఎఫ్‌సీ, ఏజెంటు ఖర్చు, అవన్నీ అయ్యేదాకా తిరగని రోజులు. మా లెక్కలో 5 లక్షల 95 వేలు దాటింది, ఇంజను సంగతి దేవుడికే తెలుసు. రెండు రాష్ట్రాలయ్యాక సరిహద్దు దాటి పాత సరుకు బండి కొనాలంటే ధర బాగా తక్కువుంటేనే దిగండి.

తిరిగి విజయవాడ వచ్చి ఏస్ తీసుకుని ఇంటికి బయల్దేరాం, మొహాలు వేలాడేసుకుని. హనుమాన్ జంక్షన్ దగ్గర టీకి ఆగితే, పక్కన ఆగి ఉన్న పికప్ మీద "అమ్మబడును" అని ఏ ఫోర్ కాగితం. 2020 మోడలు. పశువుల దాణా వేసే ఆయనది. బావ కిందకి దూరాడు. బయటికొచ్చి నా వైపు చూసి తలూపాడు. పొడి దాణా బస్తాలే మోసింది, అడుగు రేకు పెయింటు కంపెనీదే, మూలల్లో తవుడు పొడి ఇంకా ఉంది. ముందు టైర్లు రెండూ పోయాయి, ఎఫ్‌సీ ఇంకా ఏడు నెలలుంది. ఫోనులో ఎమ్‌పరివాహన్ యాప్ తీసి చూస్తే ఇన్సూరెన్సు ఉంది, కానీ ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఆర్సీలో కనిపిస్తోంది. అప్పు తీరిపోయిందండీ, కొట్టించుకోలేదు అన్నాడాయన.

చెప్పింది 6.25. నేను 5.40 అన్నాను. ఆయన ఇన్సూరెన్సు పత్రంలో ఐడీవీ (ఇన్సూరెన్సు కోసం బండికి కట్టిన విలువ) చూపించి ఇదిగో కంపెనీయే ఇంత రాసింది అన్నాడు. ఐదేళ్లు దాటాక ఐడీవీ అంటే మనమూ, కంపెనీ అనుకుని రాసుకునే అంకె, అది బజారు రేటు కాదండీ అన్నాను. కొత్త బండి జీఎస్టీ మాట తీశాను, రెండు టైర్ల రేటు చెప్పాను. ఈయన వినేశాడు, వినడమే కాదు ఫోను తీసి లెక్క కూడా వేసుకున్నాడు. ఆయన దాణా లెక్కలు రాసే పుస్తకం వెనక 5.70 అని రాసి సున్నా చుట్టాడు. ఏస్ వద్దన్నాడు, నాకూ ఇవ్వాలని లేదు. 5.20 అక్కడే ఇచ్చి, ఫైనాన్సువాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ఆర్సీలో పేరు తీయించాక మిగతా 50 వేలు ఇచ్చేలా తెల్లకాగితం మీద రాసుకున్నాం. బండి నా పేరుకి మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు అప్పుడే పెట్టించాను. ఆయన భార్య లోపలి నుంచి మజ్జిగ తెచ్చిచ్చింది. ఐదు రోజుల్లో ఎక్కడా ఏమీ ఆశించకుండా దొరికింది అదొక్కటే.

ఏస్ ఊరికొచ్చిన వారానికి మా పక్క నర్సరీ అతనే 1 లక్షా 35 వేలకి తీసుకున్నాడు. అడుగు రేకు సంగతి అతనికి నేనే చూపించాను, రోజూ మొహం చూసుకోవాలి కదా.

పికప్ కొన్న సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. పికప్ నేను తోలుతున్నా, ఏస్ మీద బావ వెనక. కలపర్రు టోల్ దాటి పది నిమిషాలైందో లేదో ఫోను. దాణా ఆయన. "ఏవండీ, కలపర్రు దాటేశారా? నా ఫాస్టాగ్‌లో డబ్బులు పోయినట్టు మెసేజ్ వచ్చింది." బండి అద్దానికి అంటించిన ఆయన ఫాస్టాగ్ సంగతి ఇద్దరం మర్చిపోయాం. ఉంగుటూరు, ఈతకోట కూడా దాని మీదే దాటి, ఇంటికెళ్లాక మూడింటి డబ్బులూ ఫోన్లో వేసేశాను.