తిరుమల ముందు, సముద్రం తర్వాత

కడప నుంచి పుదుచ్చేరి వెళ్తే దారిలో తిరుమల దర్శనం కూడా పెట్టుకుంటాం కదా. నేను, అక్క, బావ కూడా అలాగే అనుకున్నాం. ముందు వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునిగే స్కూబా డైవింగ్, తిరుగు దారిలో కొండ. బుకింగ్‌కు ఫోన్ చేస్తే డైవింగ్ సెంటర్ అమ్మాయి మా ప్లాన్ విని, "వద్దు సార్, కొండ ముందు చూసుకుని రండి" అంది. నీళ్ల అడుగున ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. ఆలోపే విమానమో, ఎత్తైన కొండో ఎక్కితే బుడగలు కట్టి కీళ్ల నొప్పులు, ఒక్కోసారి పక్షవాతం దాకా రావచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకన్నా ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. తిరుమల 850 మీటర్ల ఎత్తు పైమాటే. ఈ మాట మన వైపు వాళ్లందరికీ తెలియాలి.

అంతకుముందు వేరేచోట అడిగితే 1,500 తక్కువే చెప్పారు. "ఈత రాకపోయినా పర్లేదు, నేరుగా సముద్రంలోకే" అన్నారు. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అక్కడికి వెళ్లకపోవడమే మంచిదైంది.

మొదటి రాత్రి వైట్ టౌన్‌లో పాత ఫ్రెంచ్ ఇంట్లో దిగాం. గదులు చూడముచ్చటగా ఉన్నాయి. కానీ పార్కింగ్ లేదు, తెల్లవారుజామున గేటు తీసే మనిషీ లేడు. డైవింగ్‌కు వెళ్లేవాళ్లకు అది కుదరదు. రెండో రోజు కొట్టకుప్పం వైపు చిన్న గెస్ట్‌హౌస్‌కు మారాం. అద్దె సగమే. పొద్దున ఐదింటికే ఇడ్లీలు కట్టిచ్చారు.

ఆ మధ్యాహ్నమంతా స్విమ్మింగ్ పూల్‌లో శిక్షణ. నేను నడుముకు బెండు కట్టుకుని మా ఊరి బావిలో ఈత నేర్చుకున్నవాణ్ణి. మునిగితే ఊపిరి బిగబట్టడమే మాకు తెలిసిన విద్య. ఇక్కడ అదే పెద్ద తప్పు. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి వాటికే గాయం చేస్తుంది. చిన్నప్పటి అలవాటు మానడానికి నాకు గంట పైనే పట్టింది. శిక్షణ ఇచ్చే అన్న విసుక్కోకుండా పదేపదే చేయించాడు. బొటనవేలు పైకి చూపిస్తే 'సూపర్' అని కాదు, 'పైకి పోదాం' అని అర్థం. బాగున్నానని చెప్పడానికి చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి.

అక్కకు జలుబు. చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు కాబట్టి నీళ్లలోకి దింపేది లేదని ఖచ్చితంగా చెప్పి, డబ్బు మొత్తం తిరిగిచ్చేశారు. ఆమె పడవలో మాతో వచ్చింది.

మేం దిగిన చోటు టెంపుల్ రీఫ్. చేపలు చేరేలా సముద్రం అడుగున 2013లో కట్టిన ఈ దిబ్బ తీరానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, దాదాపు 18 మీటర్ల లోతున ఉంది. అక్కడ అడుగున ఉన్నదంతా ఇసుకే. అతుక్కుని పెరిగే జీవులకు ఇసుకలో పట్టు దొరకదు. అందుకే రాళ్లు, కాంక్రీటు దిమ్మెలు దింపారు. వాటికి నత్తగుల్లలు, స్పాంజిలు అతుక్కుంటాయి, వాటి కోసం చిన్న చేపలు వస్తాయి, చిన్నవాటి కోసం పెద్దవి చేరతాయి. కోర్సు చేయనివాళ్లను 12 మీటర్లు దాటనివ్వరు. పది మీటర్ల దగ్గరే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడానికి నేను మీటరు మీటరుకూ ముక్కు మూసి గాలి ఊదుతూ దిగాను. నీళ్లు గోరువెచ్చగా, కాస్త పచ్చగా ఉన్నాయి. మొదట ఏమీ కనబడలేదు. ఉన్నట్టుండి కింద నల్లని ఆకారం, దాని చుట్టూ పసుపు రంగు చేపల గుంపు. మమ్మల్ని చూసి బెదరలేదు, దారి మాత్రం ఇచ్చాయి. ఒక దిమ్మె నీడలో లయన్ ఫిష్ ముళ్లు విప్పుకుని కదలకుండా ఉంది. దాని ముళ్లలో విషం ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి చేతులు కట్టుకున్నాను. మా కడప బండల మీద కూడా ఇలా జీవం మొలిచేదా అనిపించింది.

పడవ ఎక్కగానే అక్క ఒకటే ప్రశ్నలు. బావ ఫోన్ తీసి సెలవులు చూశాడు. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం, కొండ దిగిన మర్నాడే.