చాట్‌బాట్‌ని రోగిగా పెట్టి నర్సింగ్ పిల్లలకి నేర్పడం: ఏడాదిన్నర వాడాక

శ్రీకాకుళంలో నర్సింగ్ ట్యూటర్‌ని. పిల్లల్ని వార్డుకి పంపేముందు రోగితో మాట్లాడడం అలవాటు చేయించడానికి, ఫోన్‌లో దొరికే మామూలు చాట్‌బాట్‌నే ఏడాదిన్నరగా రోగిగా కూర్చోబెడుతున్నాను. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ ఉంది, ఇంజెక్షన్‌కీ క్యాథెటర్‌కీ పనికొస్తుంది గానీ "ఏం బాధ బాబాయ్" అంటే పలకదు కదా. పోనీ ఒక పిల్లని రోగిలా పడుకోబెట్టి ఇంకో పిల్లని అడగమంటే ఇద్దరూ నవ్వేస్తారు, పీరియడ్ అయిపోతుంది.

మనిషి చేత రోగిలా నటింపజేసి నేర్పడం కొత్త పద్ధతేం కాదు, 1963లోనే అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మొదలుపెట్టాడు. 1972లో స్టాన్‌ఫర్డ్‌లో అనుమానపు జబ్బున్న రోగిలా మాట్లాడే ప్యారీ అనే ప్రోగ్రామ్ కూడా తయారైంది. కానీ నటించేవాళ్ళని రోజూ పిలిపించి డబ్బులివ్వడం మాలాంటి కాలేజీకి అయ్యే పని కాదు. చాట్‌బాట్ అయితే ఒక్కో పిల్ల పదిసార్లు అడిగినా విసుక్కోదు.

నేను రాసుకున్న రోగి ఉద్దానం మనిషి. 55 ఏళ్ళు, కవిటి దగ్గర కొబ్బరితోటలో పని, కాళ్ళు వాచాయి, ఆకలి లేదు. ఆ వైపు కిడ్నీ జబ్బు సంగతి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు, పలాసలో దానికోసమే పెద్దాసుపత్రి కట్టాల్సొచ్చింది.

మొదట్లో అస్సలు బాగోలేదు. ఒక్క ప్రశ్న అడగ్గానే "నాకు క్రియాటినిన్ 4.2, కిడ్నీ జబ్బు మూడో దశ" అని అప్పజెప్పేశాడు. ఏ రోగి అలా చెప్తాడు? పైగా అది తప్పు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన వ్యర్థం, ఆ వయసు మగమనిషికి అది 4.2 అంటే జీఎఫ్ఆర్ లెక్క (కిడ్నీలు ఏ మాత్రం వడకడుతున్నాయో చెప్పేది) 16 దగ్గర తేలుతుంది, అది నాలుగో దశ, మూడో దశ అనాలంటే 30 నుంచి 59 మధ్య ఉండాలి. నేను పక్కన లేకపోతే పిల్లలు అదే రాసుకునేవాళ్ళు. ఆ రోజు నుంచి రిపోర్టు అంకెలన్నీ నేనే రాసిస్తున్నాను, దాన్ని సొంతంగా ఏ అంకే చెప్పనివ్వను.

తర్వాత ఇలా రాసిచ్చాను: అడిగినదానికే చెప్పు, రెండు వాక్యాలు దాటకు, మందులు వాడుతున్నావా అంటే లేదను, ఒళ్ళు నొప్పులకి ఏం చేస్తావని అడిగితేనే బిళ్ళల సంగతి చెప్పు. అక్కడి నుంచి కథ మారిపోయింది. సెకండియర్ పిల్ల ఒకమ్మాయి రెండుసార్లు "మందులేమైనా వాడుతున్నారా" అంది, రెండుసార్లూ లేదన్నాడు. కాసేపు ఫోన్ వైపే చూసి "మరి సాయంత్రం పని నుంచి వచ్చాక నడుం నొప్పెడితే?" అని టైప్ చేసింది. "కిరాణా కొట్లో బిళ్ళ కొనుక్కుని వేసుకుంటానమ్మా, రోజూ." అమ్మాయి మొహం చూడాలి అప్పుడు! నొప్పి బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయని పుస్తకంలో ఎప్పుడో చదివింది, కానీ కొట్లో కొన్న బిళ్ళని జనం మందుల లెక్కలో వేసుకోరన్నది ఆ క్షణాన తెలిసింది. నెల తర్వాత నిజం వార్డులో ఒక పెద్దాయన్ని అదే మాట అడిగింది, ఆయన తువ్వాలు కొంగు ముడి విప్పి సగం వాడిన బిళ్ళల అట్ట తీసి చూపించాడు.

సంభాషణ అయ్యాక చివర్లో చాట్‌బాట్‌కి పొగడ్త ఎక్కువ, పిల్లలు ఏం అడిగినా "చాలా బాగా అడిగారు" అంటుంది, అది పిల్లలకి మంచిది కాదు. అందుకే "మెచ్చుకోకు, అడగకుండా వదిలేసినవి మాత్రం చెప్పు" అని పెట్టాను, నయం. నిజం రోగుల పేర్లు, కేసు షీట్లు అందులో పెట్టనివ్వను, ఈ విషయంలో ఎవరి మాటా వినను.

ఇప్పటికీ కుదరనిది భాష. మన రోగి "ఏటీ తినబుద్ధవట్లేదమ్మా" అంటాడు, అదేమో "నాకు ఆహారం పట్ల ఆసక్తి లేదు" అంటుంది. విశాఖ నుంచి వచ్చిన పిల్లలకి వార్డులో తడబాటు అక్కడే, ల్యాబ్‌లో ఆ తడబాటు రాకపోతే ఇంక ప్రాక్టీసేంటి? అందుకని సోంపేట, కంచిలి వైపు పిల్లల చేత వాళ్ళ అమ్మమ్మలు ఒంట్లో బాగోనప్పుడు అనే మాటలు రాయించి, రోగి వివరాల కింద అతికిస్తున్నాం. నలభై దాకా చేరాయి. ఇప్పుడు మూడింట ఒకసారైనా మనవాడిలా మాట్లాడుతున్నాడు.